అడవి పొగ కమ్మిన రోజులలో రైతులు పాటించవలసిన జాగ్రత్తలు

(నల్లమల అంచు గ్రామాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి కొండమీద టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకు రాల్చివేస్తాయి. రాలిన ఆకు చీలమండ లోతున పరచుకొని ఎండకు కరకరలాడుతూ ఉంటుంది. ఎక్కడో ఒక నిప్పురవ్వ పడితే చాలు. రాత్రివేళ మన ఊరి మిద్దెలమీద నుంచి చూస్తే కొండకు నిప్పుల దండ వేసినట్లు కనిపిస్తుంది. ఏటా చూస్తున్న దృశ్యమే గనుక మనకు వింతగా తోచదు. “మంట కొండమీద ఉన్నది, చేను ఇక్కడ ఉన్నది, మనకేమి?” అని పడుకుంటాము. తెల్లవారి లేచేసరికి చేనిమీద, చెరువుమీద, ఊరిమీద పొగ పొరలుగా నిలిచి ఉంటుంది. కళ్ళు మండుతాయి. ముసలివారు రాత్రంతా దగ్గినారని ఇంటింటా చెప్పుకొంటారు. మధ్యాహ్నానికి పొగ పలచబడుతుంది, ఆ మాట మరచిపోతాము.

ఈ రోజు నేను మంట ఆర్పడం గూర్చి చెప్పబోవడం లేదు. అందుకు అటవీ శాఖవారు ఉన్నారు, వారికి సహాయం చేసే యువకులు మీలోనే ఉన్నారు. మంట మన దగ్గరకు రాకపోయినా పొగ వస్తుంది. ఆ పొగలో పని చేయవలసి వచ్చిన రైతు, కూలివారు, ఇంట్లో ఉన్న పసిపిల్లలు, కొట్టంలో ఉన్న పశువులు ఎట్లా కాపాడుకోవలెనన్నదే నేటి విషయం.

ముందుగా ఒక మాట. పొగ రాగానే మనలో నూటికి తొంభైమంది చేసే పని భుజంమీది తుండుగుడ్డ తీసి ముక్కుకు, నోటికి చుట్టుకోవడం. మరికొందరు దానిని నీటితో తడిపి చుట్టుకుంటారు. ఆ తుండుగుడ్డ మనకు ధైర్యం ఇస్తుంది గాని రక్షణ ఇవ్వదు. దాని కారణం తెలియవలెనంటే పొగలో ఏమున్నదో తెలియవలెను.

ఆకు, కట్టె కాలినప్పుడు వచ్చే పొగలో వాయువులు కొన్ని, కంటికి కనిపించే బూడిద రేణువులు కొన్ని ఉంటాయి. వీటికన్న ఎక్కువ హాని చేసేవి కంటికి విడివిడిగా కనిపించని అతి సూక్ష్మమైన కణాలు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని మైక్రాను అంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పొగలోని ఈ కణాలు రెండున్నర మైక్రాన్లు, అంతకంటె తక్కువ, అంటే వెంట్రుకలో సుమారు ముప్పయ్యవ వంతే. వీటినే శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అని వ్యవహరిస్తారు. నూర్పిడి కళ్ళంలో లేచే దుమ్ము పెద్దది. అది ముక్కు వెంట్రుకలలో, గొంతు తేమలో చిక్కుకొని చీమిడిగా, కఫంగా బయటకు వచ్చివేస్తుంది. ఈ పొగ కణాలు అట్లా చిక్కవు. ఊపిరితిత్తుల అడుగున గాలి తిత్తుల దాకా పోయి అక్కడ వాపు పుట్టిస్తాయి. ఆ వాపు ప్రభావం రక్తనాళాలమీద, గుండెమీద కూడ పడుతుంది. అందుకే పొగ రోజులలో ఆస్పత్రికి వచ్చేవారిలో ఉబ్బసం రోగులే గాక గుండెనొప్పివారు కూడ ఎక్కువవుతారు.

ఇప్పుడు తుండుగుడ్డ సంగతి చూడండి. దాని నేతలో పోగుకు పోగుకు మధ్య ఉన్న సందు ఈ కణానికి కోట గుమ్మం వంటిది. పైగా గుడ్డ అంచుల నుంచి, ముక్కు ప్రక్క సందుల నుంచి గాలి యథేచ్ఛగా లోపలికి వస్తుంది. తడిపితే పెద్ద బూడిద కొంత ఆగుతుంది, గొంతుకు చల్లగా ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. చల్లగా ఉన్నది గనుక బాగున్నదనుకొని, గంటలో ఆపవలసిన పనిని నాలుగు గంటలు చేస్తాము.

పని చేసే మనిషికి పొగ ఎక్కువ హాని చేస్తుందన్న సంగతి కూడ గుర్తుంచుకోవలెను. ఊరకే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పార పట్టి మట్టి ఎత్తేవాడు, మూటలు మోసేవాడు నలభై లీటర్లకు మించి పీలుస్తాడు. అలసిన కొద్దీ ముక్కుతో గాక నోటితో పీలుస్తాడు. ఒకే పొగలో అరుగుమీద కూర్చున్నవానికంటె చేలో ఉన్నవాడు అయిదారు రెట్లు ఎక్కువ పొగ మింగుతున్నాడన్నమాట.

పొగ ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇటీవలి సంగతులు రెండు మూడు చెబుతాను. 2023 వేసవిలో కెనడా దేశంలో సుమారు 1.5 కోట్ల హెక్టార్ల అడవి కాలిపోయినది. ఆ జూన్ 7వ తేదీన వందల కిలోమీటర్ల దక్షిణాన ఉన్న న్యూయార్కు నగరంలో పట్టపగలు ఆకాశం నారింజ రంగుకు తిరిగినది. అక్కడ ఒక చెట్టు కూడ కాలలేదు. 1997లోను, మళ్ళీ 2015లోను ఇండొనీషియాలో తోటల కోసం అడవులకు, కుళ్ళిన ఆకుతో ఏర్పడిన నేలలకు పెట్టిన నిప్పుల పొగ సముద్రం దాటి సింగపూరును, మలేషియాను వారాల తరబడి కప్పివేసినది. మన సంగతికి వస్తే 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకొని మంట తిరుమల సమీపానికి వచ్చినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్ళు చల్లవలసి వచ్చినది. ఇవి పెద్ద వార్తలు గనుక అందరికీ తెలిసినవి. మన కొండమీద ఏటా కాలే చిన్న మంటలు పత్రికలలో పడవు. అయినా వాటి పొగలో ఉండేవి ఆ సూక్ష్మ కణాలే.

పొగ ఎప్పుడు ప్రమాదస్థాయికి వచ్చినదో తెలుసుకోవడం ఎట్లా? పట్టణాలలో అయితే గాలిని కొలిచే యంత్రాలు ఉన్నవి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు వాటి లెక్కలను గాలి నాణ్యతా సూచిక అనే ఒకే అంకెగా ప్రకటిస్తారు. సెల్‌ఫోనులో “సమీర్” అనే యాప్‌లో ఇది చూడవచ్చును. 50 లోపు మంచి గాలి. 100 వరకు ఫరవాలేదు. 100 నుంచి 200 వరకు ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ఇబ్బంది. 200 దాటితే అందరికీ చెడ్డది, 300 దాటితే మిక్కిలి చెడ్డది, 400 దాటితే ఆరోగ్యవంతునికి కూడ ప్రమాదం.

ఈ అంకెను వాడుకొనడంలో రెండు చిక్కులు ఉన్నవి. మొదటిది, అది ఇరవైనాలుగు గంటల సగటు. తెల్లవారుజామున దిగిన పొగ ఆ సగటులో కనిపించేసరికి పొద్దు పోతుంది. రెండవది, మన యువకులు ఫోనులో చూసే కొన్ని విదేశీ యాప్‌లు అమెరికా సూచికను చూపుతాయి. రెండింటి కొలబద్దలు వేరు. ఘనపు మీటరు గాలిలో 55.5 మైక్రోగ్రాముల సూక్ష్మ కణాలు ఉంటే అమెరికా సూచిక 151 అని చూపి అందరికీ హానికరం అంటుంది. అదే గాలికి మన సూచిక 90కి కొంచెం పైన చూపి ఫరవాలేదంటుంది. కాబట్టి ఏ సూచికయో చూడకుండ అంకెను మాత్రమే పట్టుకొని వాదులాడుకోవడం వ్యర్థం. ఇంట్లో రోగులు ఉన్నవారు రెండింటిలో కఠినమైన దానినే నమ్మడం మంచిదని నా అభిప్రాయం.

అయితే ఈ యంత్రాలు తిరుపతి, విజయవాడ, హైదరాబాదు వంటి పట్టణాలలో ఉన్నవి. కొండ క్రింది మన ఊళ్ళకు అవి చెప్పే అంకె పనికిరాదు. అందుకని కంటితో చూసి అంచనా కట్టే పద్ధతి ఒకటి చెబుతాను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం ఆరోగ్య శాఖవారు యంత్రాలు లేని పల్లెల కోసం దీనిని ప్రచారం చేసినారు. పొగ లేని రోజున మీ ఊరి బయట ఒకచోట నిలబడి, దూరం తెలిసిన గుర్తులు మూడు ఎంచుకోండి. సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఒకటి, అయిదు కిలోమీటర్ల దూరంలో ఒకటి, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒకటి. ప్రక్క ఊరి గుడి గోపురం కావచ్చును, నీళ్ళ ట్యాంకు కావచ్చును, సెల్ టవరు కావచ్చును, కొండ కొమ్ము కావచ్చును. పొగ రోజున సూర్యునికి వీపు పెట్టి చూడవలెను. ఎనిమిది కిలోమీటర్ల గుర్తు కనిపించకపోతే పిల్లలు, ముసలివారు, గర్భిణీ స్త్రీలు, రోగులు ఇంటిపట్టున ఉండవలెను. అయిదు కిలోమీటర్ల గుర్తు కూడ మాసిపోతే అందరూ బరువు పనులు మానుకోవలెను. ఒకటిన్నర కిలోమీటర్ల గుర్తు కూడ కనిపించని రోజున ఎవ్వరూ చేనికి పోకూడదు. మంచు పట్టినప్పుడు, మబ్బు ముసిరినప్పుడు ఈ లెక్క పనికిరాదు. పొడి గాలిలోనే పనికివస్తుంది. మన అడవి కాలే ఫిబ్రవరి నుంచి మే దాకా గాలి సాధారణంగా పొడిగానే ఉంటుంది గనుక మనకు సరిపోతుంది. పాఠశాల ఉపాధ్యాయులు పిల్లలచేత ఈ గుర్తుల పట్టిక వ్రాయించి పంచాయతీ గోడకు అంటిస్తే ఊరంతటికీ ఉపయోగపడుతుంది.

ఇక పని వేళల సంగతి. ఇక్కడ మన రైతుకు నిజమైన ఇరకాటం ఉన్నది. వేసవిలో ఎండకు జడిసి మనము తెల్లవారుజామునే చేనికి పోతాము. కాని పొగ దట్టంగా నిలిచేది ఆ వేళనే. రాత్రి నేల చల్లబడి, దానినంటి ఉన్న గాలి చల్లబడి బరువెక్కి లోయలోకి దిగుతుంది. పైన వెచ్చని గాలి కుండమీద మూత వలె కూర్చుంటుంది. తెల్లవారి వంట పొగ పైకి లేవక ఇంటికప్పుల ఎత్తున అడ్డంగా సాగడం మీరు చూసే ఉంటారు. కొండ పొగ గతి కూడ అంతే. ఎండ ఎక్కి నేల వేడెక్కిన తర్వాత గాని మూత తొలగదు. అప్పటికి వడగాడ్పు మొదలవుతుంది. తెల్లవారితే పొగ, పొద్దెక్కితే ఎండ.

దీనికి ఒకే నియమం అన్ని ఊళ్ళకు చెప్పడం సాధ్యం కాదు. నా సలహా ఇది. తెల్లవారగానే గుర్తులు చూడండి. అయిదు కిలోమీటర్ల గుర్తు స్పష్టంగా ఉంటే ఎప్పటివలె పనికి పోండి. లేకపోతే ఎనిమిది గంటలవరకు ఆగి మళ్ళీ చూడండి. పొగ పలచబడితే పదిన్నర వరకు తేలిక పని చేసి, మిగిలినది సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. సాధారణంగా ఆ సాయంకాలపు గాలిలోనే పొగ బాగా చెదరి ఉంటుంది. దున్నడం, మట్టి పని, మూటలు ఎత్తడం వంటి బరువు పనులను రెండు మూడు రోజులు వాయిదా వేసినందువల్ల వేసవిలో మునిగిపోయేది చాలా తక్కువ. వాయిదా వేయలేనివి కోతలు. నల్లమల అంచున మిరప కోతలకు, అడవి మంటలకు ఒకే కాలం వస్తుంది గదా.

ఆ మిరప కోతల గూర్చి కొంచెం వివరంగా చెప్పవలెను. కోతకు వచ్చే కూలివారిలో చాలామంది దూరపు జిల్లాలనుంచి పిల్లాపాపలతో వచ్చి చేనిగట్టున పట్టాల క్రింద కాపురం ఉంటారు. పగలు పొగలో పని చేస్తారు, రాత్రి పొగలోనే పడుకుంటారు. కిలోల లెక్కన కూలి ముట్టేవారు తమంతట తాము పని ఆపరు. ఆపితే ఆ రోజు గడవదు. దగ్గు వస్తున్నా, ఛాతీ పట్టుకుంటున్నా నోరు మెదపరు. కావున ఆపవలెనన్న మాట చేనుగల రైతు నోటినుంచే రావలెను. మేస్త్రీతో ముందుగానే మాట్లాడుకొని, పొగ మిక్కుటంగా ఉన్న రోజు పూట కూలి అయినా ఇచ్చే ఏర్పాటు చేసుకోవలెను. పసిపిల్లల తల్లులకు రాత్రివేళ ఊరిలో బడి వరండా గాక గది తెరిపించవలెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2019 నుంచి ఒక నియమం అమలులో ఉన్నది. పొగవల్ల వారి సూచిక 151కి చేరితే బయట పని చేసే కూలివారికి యజమాని మాస్కులు ఉచితంగా ఇవ్వవలెను, పొగ ప్రమాదాన్ని వారికి అర్థమయ్యే భాషలో చెప్పవలెను. ఆ మరుసటి ఏడే అక్కడ 40 లక్షల ఎకరాలకు మించి కాలిపోయినది. మనము చట్టం వచ్చేదాకా ఎదురు చూడనక్కరలేదు. కిలోకు ఎంత ఇస్తారని అడిగే కూలికి, మాస్కు ఎన్ని ఇస్తారని అడగడం తెలియదు, అంతే.

మాస్కు అంటే ఏ మాస్కు? కరోనా రోజులలో మనమందరము మాస్కులు చూసినాము గనుక చెప్పడం తేలిక. నీలి రంగు పలుచని ఆస్పత్రి మాస్కు ప్రక్కలు తెరుచుకొని ఉంటాయి, అది పొగకు చాలదు. గుడ్డ మాస్కు తుండుగుడ్డకు తమ్ముడు. పనికివచ్చేది ఎన్ 95 అని గాని, ఎఫ్.ఎఫ్.పి. 2 అని గాని ముద్ర ఉన్నది. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 9473 అని ఉన్నదేమో కూడ చూడండి. ఎన్ 95 అంటే అతి సూక్ష్మ కణాలలో నూటికి 95 అయినా ఆపవలెనని అర్థం. కాని ముఖానికి అతికినప్పుడే ఆ 95. పట్టీలు రెండూ తల వెనుకకు పోవలెను. ముక్కుమీది లోహపు పట్టీని రెండు చేతుల వ్రేళ్ళతో నొక్కవలెను. గట్టిగా ఊది చూస్తే కళ్ళవైపు గాలి తగలకూడదు. గడ్డం పెంచినవారికి అంచు అతకదు. అది దీక్షాకాలమైనా, అలవాటైనా పొగకు తేడా తెలియదు. మాస్కును ఉతకకూడదు. దాని పీచులో ఉండే విద్యుదాకర్షణ కణాలను పట్టి ఉంచుతుంది, ఉతికితే అది పోతుంది. మాస్కు మాసినా, పట్టీ సడలినా, ఊపిరి బరువైనా పారవేయవలెను. ముందు చిన్న కవాటం ఉన్న రకం వేడికి కొంత హాయి. చిన్నపిల్లల ముఖాలకు ఇవి అతకవు గనుక వారిని గదిలో ఉంచడమే దారి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు మాస్కు తగిలించుకొని పనికి పోదామనుకోకూడదు, వైద్యుని అడగవలెను.

ఈ మాస్కు వాయువులను ఆపదు. మంట ఆర్పేందుకు పచ్చి మండలు పట్టుకొని పోయే యువకులు దీనిని నమ్ముకొని పొగ మధ్యకు దూరితే కార్బన్ మోనాక్సైడు విషవాయువుకు తల తిరిగి పడిపోతారు. వారు గాలి వచ్చే వైపున నిలబడి, వంతులవారీగా పని చేయవలెను. అట్లాగే పురుగుమందు చల్లేటప్పుడు పెట్టుకొనే మాస్కు వేరు, పొగ మాస్కు వేరు. ఒకటి ఉన్నది గదా అని రెండవదానికి వాడరాదు. పొగ రోజున పిచికారీ మానడమే క్షేమం.

ఇంటి సంగతి చూద్దాము. శ్లాబు ఇల్లు అయితే ఒక గది ఎంచుకొని కిటికీలు, తలుపులు మూసి, సందులలో తడిగుడ్డ దోపి ముసలివారిని, పిల్లలను అందులో ఉంచవచ్చును. ఆ గదిలో అగరువత్తి, దోమల చుట్ట, బీడీ ఏవీ వెలిగించరాదు. బయటి పొగకు తలుపు వేసి లోపల మరొక పొగ పెట్టుకోవడం మన ఇండ్లలో తరచు జరుగుతున్నది. కట్టెల పొయ్యి ఉన్నవారు ఆ రెండు రోజులైనా గ్యాసుమీద వండుకోవలెను, వేపుళ్ళు తగ్గించవలెను. నేల ఊడ్వక తడిగుడ్డతో తుడవవలెను. గడ్డి తెరల కూలరు బయటి గాలిని లోపలికి లాగుతుంది గనుక పొగ దట్టంగా ఉన్న గంటలలో ఆపివేసి, ఫ్యాను మాత్రం వేసుకోవలెను. పెంకుటింటిలో, రేకుల ఇంటిలో, పూరింటిలో ఎన్ని తలుపులు మూసినా కప్పు సందులలోనుంచి పొగ వస్తుంది. ఆ ఇండ్ల రోగులను శ్లాబు ఇండ్ల చుట్టాలు రెండు రోజులు తమ వద్ద ఉంచుకోవలెను, లేదా బడి గది, పంచాయతీ గది తెరవవలెను.

గది మూసితే ఉక్క మాటేమిటని మీరు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్న. చైత్ర వైశాఖాలలో తలుపులు బిగించిన గదిలో ముసలివారిని పెడితే పొగకంటె ముందు వడదెబ్బ తగులుతుంది. వడదెబ్బ గంటలలో ప్రాణం తీస్తుంది. గది భరించరాని వేడి ఎక్కితే తలుపు తీయవలసినదే. తెల్లవారుజామున, పొగ దట్టంగా ఉన్న వేళ మూసి, పొగ చెదరిన మధ్యాహ్నం, సాయంత్రం తెరవండి. మజ్జిగ, నీళ్ళు మాటిమాటికి ఇవ్వండి.

కళ్ళ మంట, గొంతు గరగర, కొద్దిపాటి దగ్గు పొగ పోతే తగ్గిపోతాయి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, పిల్లికూతలు, మగతగా ఉండడం, పెదవులు నీలం తిరగడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయవలెను. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందు అయిపోకముందే తెచ్చుకోవలెను. బెల్లం తింటే పొగ కడిగివేస్తుందని కొందరంటారు. బెల్లం తినండి, తప్పులేదు. కాని అది పోయేది కడుపులోకి, పొగ పోయినది ఊపిరితిత్తులలోకి.

పొగ అంతా కొండదే కాదు. కోత యంత్రం పోయిన తర్వాత వరి కొయ్యకాళ్ళకు, కోతలైన మిరప కట్టెకు, పత్తి కట్టెకు, గట్టుమీది గడ్డికి మనము పెట్టే నిప్పు ఆ మూత క్రిందనే చేరుతుంది. గట్టు గడ్డికి పెట్టిన నిప్పు గాలికి అడవిలోకి పోవడం కూడ కద్దు. టన్ను వరిగడ్డిలో సుమారు అయిదున్నర కిలోల నత్రజని ఉంటుంది. కాలిస్తే దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది, మనము మళ్ళీ యూరియా బస్తాకు వరుసలో నిలబడతాము. కట్టెను ముక్కలు చేసే యంత్రాన్ని నలుగురు కలిసి బాడుగకు తెచ్చుకొంటే ఆ ముక్కలు తోటలలో చెట్ల మొదళ్ళ దగ్గర పరచడానికి పనికివస్తాయి.

అడవిలో నిప్పు ఎవరు పెడతారని అడిగితే చెంచులమీద, పశువుల కాపరులమీద నేరం మోపడం మనకు సులభం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు క్రింద ఆకు కాల్చేవారు, తునికాకు కొత్త చిగురుకోసం, లేత గడ్డికోసం నిప్పు పెట్టేవారు ఉన్నమాట నిజమే. ఇప్పచెట్టు క్రింద ఆకు ఊడ్చి పాత చీర పరచినా పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. తునికి పొదను కొడితే చిగురు వస్తుంది, కాల్చనక్కరలేదు. కాని శివరాత్రికి అడవి దారిని శ్రీశైలం నడిచిపోతూ వంట చేసుకొని పొయ్యి ఆర్పనివారు, దారి ప్రక్క బీడీ ముక్క విసిరేవారు ఏ కులం, ఏ ఊరు? అడవికి నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం క్రింద నేరం. మంట కనిపించిన వెంటనే అటవీ సిబ్బందికి కబురు పంపవలెను. భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారాన్ని నమోదు చేసుకున్నవారి ఫోనుకు పంపుతారు. ప్రతి పంచాయతీలో ఒకరైనా పేరు నమోదు చేసుకొంటే పొగ దిగకముందే ఊరికి తెలుస్తుంది.

చివరగా పశువులు. వాటికి మాస్కు పెట్టలేము, గదిలో మూయలేము. కొట్టం గాలి ఆడకుండ మూసివేస్తే పేడ, మూత్రపు ఆవిరి పొగతో కలిసి ఇంకా చేటు. పొగ రోజున ఎద్దులను కాడికి కట్టరాదు, మందను దూరం తోలరాదు. పాడి పశువులకు తొట్టి నిండా మంచినీరు మేత దగ్గరనే ఉండవలెను. బూడిద పడిన నీటిని మార్చవలెను. ఎండు మేతను దులిపి, నీళ్ళు చిలకరించి వేస్తే దుమ్ము అణుగుతుంది. పొగ రోజులలో ఆవుల పాలు తగ్గుతాయని అమెరికాలో ఐడహో విశ్వవిద్యాలయంవారు గమనించినారు. కావున ఆ నాలుగు రోజులు పాలు తగ్గితే దాణాలో లోపమనుకొని దాణా మార్చివేయకండి. సాయంత్రం దోమలకు వేపాకు పొగ వేసే అలవాటు ఆ రోజులలో మానుకొని, పేడ, తడి గడ్డి తీసి కొట్టం పొడిగా ఉంచుకోవలెను. దగ్గు, ముక్కు కారడం, మేత మానడం కనిపిస్తే పశువైద్యునికి చూపవలెను. పొగ పోయిన మరునాడే ఎద్దులను బరువు పనికి దించవద్దు. గట్టిగా పొగ తాగిన పశువు పూర్తిగా కోలుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటికి తొలకరి దుక్కులు వస్తాయి గనుక, కొండ కాలిన తర్వాతి నెలలో ఎద్దులచేత తేలిక పనులే చేయించుకోండి.